నిత్యజీవితము నేర్పు పాఠ మెవరికి?

సంఘ కార్యదర్శిగారు ఈ సంచికకు ఒక వ్యాసము వ్రాసి యిమ్మని కోరినప్పుడు మేము మొదట వెనుదీసితిమి. మేము పండితులము కాము. మెట్రిక్యులేషను పరీక్షతో మా చదువు ముగిసినది. ముప్పదియెనిమిది సంవత్సరములు గుమాస్తాగా కొలువు చేసి, లెక్కల పుస్తకములమీద తలవంచుకొని బ్రదికినవారము. ధర్మసూక్ష్మములను గూర్చి వ్రాయుటకు మాకేమి అర్హత గలదు? అయినను కార్యదర్శిగారు విడువలేదు. "పుస్తకాల్లో ఉన్నది రాయడానికి చాలామంది ఉన్నారండీ. మీరు బ్రతికింది రాయండి" అనిరి. ఆ మాటను ఊతగా గొని ఈ నాలుగు ముక్కలు వ్రాయ సాహసించుచున్నాము. తప్పులున్న పెద్దలు మన్నింతురుగాక.

మాది బరంపురము. మా పూర్వులు ఎన్ని తరముల క్రిందట ఈ గంజాము సీమకు వచ్చిరో మా యింట ఎవరికిని తెలియదు. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా రాష్ట్ర మేర్పడినప్పుడు మా తాతగారు గడప దాటకుండగనే మద్రాసు రాజధానినుండి మరియొక రాష్ట్రమునకు మారిరి. రాజ్యము మారినను ఇంటిలో తెలుగు మారలేదు, ప్రార్థనయు మారలేదు. ఈ ప్రాంతముననే, పర్లాకిమిడి సమీపమున, 1803లో జన్మించిన పురుషోత్తమ చౌదరిగారు క్రీస్తు చరితమును మన రాగములలో, మన తాళములలో ఇమిడ్చి కీర్తనలుగా రచించి, 1890లో పరమపదించిరి. మా నాయనమ్మకు అక్షరము రాదు. అయినను ఆ కీర్తనలు ఆమెకు కంఠస్థములు. తిరుగలి విసరుచు పాడెడిది. మతము దేవాలయమున ఒక గంటసేపు వినునది మాత్రమే కాదనియు, తిరుగలి చుట్టును తిరుగవలసినదనియు మాకు మొట్టమొదట తెలిపినది ఆమెయే.

ఈ సంఘమున అన్ని మతములవారును గలరు. కావున మా మతమును ఇతరులకు నచ్చజెప్పు తలంపుతో మేమిది వ్రాయుట లేదు. మేము విచారింపదలచిన ప్రశ్న అందరికిని చెందినదే. ప్రతిదినమును మన కన్నులయెదుట జరుగు చిన్న చిన్న సంగతులనుండి ధర్మమును నేర్చుకొనవచ్చునా? నేర్చుకొనవచ్చునన్నచో, ఆ పాఠము ఎవరికొరకు?

మొదటి ప్రశ్నకు సమాధానము సులభము. క్రీస్తు ప్రభువు బోధించిన రీతిని గమనింపుడు. పొలముగట్టు, సరస్సు తీరము, పెండ్లివారి యిల్లు, వంటయిల్లు - ఇవియే ఆయన పాఠశాలలు. విత్తనములు చల్లువాడు, ఆవగింజ, ఉప్పు, దీపము, చేపలవల, తప్పిపోయిన గొఱ్ఱె, పాతబట్టకు వేసిన కొత్త మాసిక - ఇవియే ఆయన పాఠ్యపుస్తకములు. మన వేమనయోగియు ఇట్లే చేసెను. ఇంటిలోని సామాను, వీధిలోని కుక్క, చెట్టుమీది కాయ ఆయనకు దృష్టాంతములైనవి. కావుననే 1829లో బ్రౌనుదొరగారు అచ్చు వేయింపక పూర్వమే ఆ పద్యములు చదువురానివారి నోళ్ళలో నిలిచినవి. చేతికందు వస్తువుతో చెప్పిన నీతి చేతికందును. ఇందు వివాదము లేదు.

రెండవ ప్రశ్నయే కష్టమైనది. దానిని మేము మా వంటయింటినుండి ఆరంభింతుము.

ఒక స్త్రీ మూడు కుంచముల పిండిలో పులిసిన పిండిని దాచిపెట్టగా అంతయు పులిసి పొంగినదని సువార్తలో ఒక ఉపమానము గలదు. దేవుని రాజ్యము అట్టిదని ప్రభువు చెప్పెను. రొట్టె మన నిత్యాహారము కాకపోవుటచే చిన్నతనమున మాకిది బోధపడలేదు. పెండ్లియైన పిదప ఇడ్లీపిండి దీనిని బోధపరచినది. పుష్యమాసపు చలిలో పిండి ఒకపట్టున పొంగదు. మా గృహిణి అప్పుడు కొత్తగా రుబ్బిన పిండిలో నిన్నటి పిండి ఒక గరిటెడు కలిపి, గిన్నెకు గోనెపట్టా చుట్టి, పొయ్యి ప్రక్కన వెచ్చని చోట నుంచును. ఒక రాత్రి మేము ఉత్సాహము పట్టలేక రెండు మూడుసార్లు మూత తీసి చూడగా ఆమె, "మాటిమాటికీ మూత తీస్తే ఎలా పొంగుతుందండీ? దాని పని దాన్ని చేసుకోనివ్వండి" అనినది. ఎంత చక్కని మాట! పిల్లల విషయమునను, స్నేహితుల విషయమునను, మన మనస్సు విషయమునను మనము చేయు పొరపాటు ఇదియే కదా. విత్తిననాడే మొలక చూడగోరుదుము. మేము ఈ సంగతిని ఆదివారపు బడిలో పిల్లలకు పలుమారులు చెప్పితిమి. వారును సంతోషించిరి.

అయితే అదే పిండి వేసవిలో మరియొక పాఠము చెప్పినది. వైశాఖమాసమున ఒకనాడు చెడిన పిండి గరిటెడు పొరబాటున మంచి పిండిలో కలియగా గిన్నెడు పిండియు పాడై పారబోయవలసి వచ్చెను. ఆ ప్రభువే మరియొకచోట పరిసయ్యుల పులిసిన పిండి విషయమై జాగ్రత్తపడవలెనని శిష్యులను హెచ్చరించెను. చూడుడు! ఒకే వస్తువు ఒకచోట దైవరాజ్యమునకు గురుతు, మరియొకచోట కపటమునకు గురుతు.

ఇక్కడనే మాకు సందేహము పుట్టినది. వస్తువు తనంతట తాను పాఠము చెప్పదు. చెప్పించుకొనువాడు మనుష్యుడు. మనుష్యుడు తనకు కావలసిన పాఠమునే చెప్పించుకొనునని అనుభవజ్ఞులకు వేరుగ చెప్పనేల? తియ్యని పాఠము తన విస్తరిలో వడ్డించుకొని, చేదు పాఠమును పొరుగువాని విస్తరిలో వేయుట మన స్వభావము. ఇట్లు చేసినంతకాలము వేయి సంగతులు జరిగినను మనము ఒక్కటియు నేర్చుకొనజాలము. ఈ సత్యమును మేము గ్రంథములలో చదివి తెలిసికొనలేదు. ఒక దుష్కార్యము చేసి తెలిసికొంటిమి. దానిని వ్రాయుటకు ఇన్నాళ్ళు సిగ్గు అడ్డుపడినది. ఈ వయస్సున ఇక దాచి ప్రయోజనము లేదు.

సువార్తలలో చేపలు పట్టు పేతురుకన్న, సుంకపు మెట్టునొద్ద కూర్చుండిన మత్తయియు, సుంకరులకు పెద్దయైన జక్కయ్యయు మాకు సన్నిహితులు. ఎదుట డబ్బు, ప్రక్కన పుస్తకము, ఆవల నిలిచిన జనము - వారి కొలువును మా కొలువును ఒక్కటియే. 1988వ సంవత్సరమున మేము ఒక కార్యాలయమున నగదు కిటికీ వద్ద పనిచేయుచుంటిమి. నవంబరు మాసమున ఒకనాటి సాయంకాలము లెక్క సరిచూడగా పెట్టెలో నూరు రూపాయలు హెచ్చుగా నుండెను. తక్కువపడినచో గుమాస్తా తన చేతినుండి పెట్టుకొనవలెను గనుక రాత్రి నిద్ర పట్టదు. హెచ్చుపడినచో మాత్రము నిద్ర బాగుగనే పట్టును! మేము కాగితములను ఒక్కొక్కటే తిరుగవేసి చూచితిమి. ఆ మధ్యాహ్నము ఒక ముసలమ్మ పింఛను తీసికొని పోయినది. ఆమె భర్త ఎక్కడనో బంట్రోతుగా చేసి చనిపోయినవాడు. ఆమె వ్రేలిముద్ర వేసి, మేమిచ్చిన నోట్లు లెక్కింపకయే కొంగున ముడివేసికొని వెళ్ళినది. మూడు నూరురూపాయల నోట్లు, చిల్లర ఇయ్యవలసియుండగా రెండు నోట్లే ఇచ్చితిమని మాకు రూఢియైనది.

హెచ్చుసొమ్మును ఆ దినముననే పుస్తకమున చూపి పైయధికారికి తెలుపుట నియమము. తెలిపినచో సంజాయిషీ వ్రాయవలెను. మా పేరునకు మచ్చ వచ్చును. కావున ఆ నోటును ఒక కవరులో పెట్టి సొరుగున నుంచి, ఆమె వచ్చి అడిగినప్పుడు ఇచ్చెదమని మనస్సును సమాధానపరచుకొంటిమి. డిసెంబరు మాసమున ఆమె వచ్చెను. ఆమె వెనుక ఇరువదిమంది వరుసగా నిలిచియుండిరి. వారియెదుట మా పొరపాటు నొప్పుకొనుటకు నోరు రాలేదు. ఆమెయు ఏమియు అడుగలేదు. అయితే ఈమారు నోట్లను రెండుసార్లు లెక్కించుకొనెను. అది చూచియు మేము తలయెత్తలేదు. ఇంతలో క్రిస్మసు పండుగ దగ్గరపడినది. పిల్లల కొత్తబట్టలకు డబ్బు చాలలేదు. ఆ కవరు విప్పితిమి.

ఇక్కడ పాఠకులు ఒక సంగతిని గమనింపవలెను. ఆ డిసెంబరు మాసముననే ఒక ఆదివారమున మేము పిల్లలకు పోయిన నాణెము ఉపమానమును బోధించితిమి. పది వెండినాణెములు గల స్త్రీ ఒకదానిని పోగొట్టుకొని, దీపము వెలిగించి, ఇల్లు ఊడ్చి, దొరకువరకు వెదకిన కథ అది. దేవుడు పాపిని అట్లు వెదకునని ఎంతో చక్కగా వివరించితిమి. ఒక బాలుడు లేచి, "నాణెం ఇంట్లో లేకపోతేనో, మాస్టారూ?" అని అడిగెను. ఆ ప్రశ్నకు మేము నవ్వి, "ఉపమానంలో ఇంట్లోనే ఉందిరా, కూర్చో" అంటిమి. మా సొరుగు మాకు జ్ఞాపకమునకు రాలేదు. నమ్ముడు, నమ్మకపొండు, నిజముగనే రాలేదు!

ఫిబ్రవరిలో ఆమె కుమారుడు తల్లి మరణ ధ్రువపత్రముతో కిటికీ వద్దకు వచ్చెను. ఆ కాగితము పుచ్చుకొనునప్పుడు మా చేయి వణకినది. ఆ రాత్రి జక్కయ్య కథ తీసి చదివితిమి. అన్యాయముగా గొనినదానికి నాలుగంతలు మరల చెల్లింతునని అతడు ప్రభువునెదుట నిలిచి పలికినాడు. మేమును నాలుగువందల రూపాయలు సమకూర్చుకొని మరుసటి ఆదివారము ప్రార్థనానంతరము వారి యిల్లు వెదకికొని పోతిమి. ఆ దినములలో మా జీతమునకు అది పెద్ద మొత్తమే. నిజము చెప్పవలెనన్న, దారిలో మా త్యాగమునకు మేమే కొంత మురిసితిమి.

కుమారుడు మా మాట విని చాలసేపు మాటాడలేదు. పిదప మెల్లగా, "అమ్మ ఆ నెల ఇల్లంతా వెతికింది బాబూ. దీపం పట్టుకుని మంచాల కింద చూసింది, బియ్యం డబ్బా కుమ్మరించి చూసింది. ఆఖరికి మా ఇంటిదే తీసిందని అనుకుంది. పోయేదాకా దాని చేతి నీళ్ళు ముట్టలేదు" అనెను.

అతని భార్య అరుగుమీద కూర్చుండి విస్తరాకులు కుట్టుచుండెను. ఆమె తలయెత్తి, "మా అత్త బతికుండగా ఈ మాట చెప్పి ఉంటే బాగుండేది బాబూ" అని మాత్రము అనినది. మేము నోట్లు ముందుంచి క్షమింపుమని వేడితిమి. ఆమె లేచి వచ్చి వానిలో ఒక్క నోటు తీసికొని, తక్కినవి మావైపు జరిపి, "మాది నూరే" అని మరల విస్తరాకుల వద్దకు పోయినది.

ఆ మూడు నోట్లను ఇంటికి తెచ్చుకొనుటకంటె బరువైన పని మేము జన్మములో చేయలేదు. వానిని తరువాత కానుకపెట్టెలో వేసితిమి గాని, దానితో ఋణము తీరినదని ఎన్నడును తలంపలేదు. మేము అపహరించినది నూరు రూపాయలని అనుకొంటిమి. వాస్తవమున ఒక నిరపరాధిని పేరును అపహరించితిమి. దానికి నాలుగంతలెంత? ఏ లెక్కల పుస్తకమున వ్రాయుదుము? చనిపోయిన అత్త వచ్చి కోడలి చేతి నీళ్ళు త్రాగునా? ఉపమానములోని స్త్రీ దీపము వెలిగించి వెదకినట్లే ఈమెయు వెదకినది. అయితే నాణెము ఆమె యింట లేదు. పాఠము చెప్పిన మాస్టారి సొరుగులో నున్నది. ఆ బాలుడు అడిగినది మమ్ములనే. ఆ పాఠము పిల్లల కొరకని మేము భ్రమించితిమి. అది మాకొరకే వచ్చియుండెను.

ఈ సంగతి జరిగిన ఇరువదియైదు సంవత్సరములకు మరియొక పరీక్ష వచ్చినది. 2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుపాను మాకు అతి సమీపమైన గోపాలపురము వద్ద తీరము దాటెను. గాలి గంటకు 200 కిలోమీటర్ల వేగమున వీచినదని తరువాత చెప్పిరి. ఆ రాత్రి తలుపులు పట్టుకొని ప్రార్థించుటయే గాని మేము చేయగలిగినది లేకపోయెను. తెల్లవారి చూడగా వీధిలో చెట్టు నిలువలేదు. విద్యుచ్ఛక్తి స్తంభములు నేలకొరిగినవి. గంజాము తీరపు మొగలితోటలు రూపుమాసినవి.

తుపాను తరువాత జరిగిన ఒక ప్రార్థనకూటమున ఒక పెద్దమనుష్యుడు లేచి, ఒడ్డున నున్న జాలరిపల్లెలకు ఎక్కువ నష్టము కలిగినది వారి త్రాగుడు మొదలగు పాపములచేతనే అనియు, ఇది దేవుడు నేర్పిన పాఠమనియు సెలవిచ్చెను. కొందరు తలలూపిరి. గోపాలపురపు జాలరులలో అనేకులు మన తెలుగువారే. వారి పల్లెలు సముద్రమునకు చేరువగ నుండుట వారి వృత్తిచేత గాని పాపముచేత గాదు. పూర్వమైనచో మేమును తలయూపియుందుము. ఆ దినమున మాత్రము మా సొరుగు జ్ఞాపకమునకు వచ్చినది. తల ఊగలేదు.

ప్రభువు కాలమున సిలోయములో గోపురము కూలి పదునెనిమిదిమంది చనిపోయిరి. ఆ చనిపోయినవారు యెరూషలేములోని తక్కిన వారందరికంటె పాపాత్ములని తలంచుచున్నారా యని ఆయన జనులను ప్రశ్నించి, కాదని తానే చెప్పి, మారుమనస్సు పొందవలసినది వినుచున్న మీరేయని వారివైపు త్రిప్పెను. పుట్టుగ్రుడ్డివానిని చూపి, పాపము చేసినవాడు వీడా, వీని కన్నవారా యని శిష్యులడిగినప్పుడును ఆయన ఆ లెక్కను త్రోసివేసెను. చిన్న సంగతులనుండి పాఠములు తీయుటలో ఆయనకు మించిన గురువు లేడు. అట్టి గురువే ఇతరుల కష్టమునుండి ఇతరుల పాపమును లెక్కగట్టు విద్యను మాత్రము నిషేధించెను. ఇది మరువరాదు.

లోకజ్ఞానమును ఇదియే చెప్పుచున్నది. 1999 అక్టోబరు 29న మన ఒడిశా తీరమును తాకిన మహాతుపానులో సుమారు 10,000 మంది మరణించిరి. 2013లోను ప్రచండమైన గాలియే వీచినను మరణములు పదుల సంఖ్యకు మించలేదు. పదునాలుగేండ్లలో మన ప్రజలు అంత పుణ్యాత్ములైరా? కాలేదు. ముందుగ హెచ్చరిక అందినది; తుపాను ఆశ్రయములు కట్టబడియుండెను; దాదాపు 10 లక్షలమందిని ముందే సురక్షిత స్థలములకు చేర్చిరి. ముసలివారిని మోసికొని పోయినవారును, ఇల్లు విడువమని మొండికెత్తినవారిని బతిమాలినవారును గలరు. 1999లో చనిపోయినవారికి లేనిది పుణ్యము కాదు. తల దాచుకొనుటకు గట్టి కప్పు. ఆ కప్పు వేయించు బాధ్యత బ్రదికియున్న వారిది. కావున తుపాను నేర్పు పాఠము కూడ బ్రదికినవారికే.

మన క్రైస్తవ చరిత్రలోను ఇందుకు దృష్టాంతము గలదు. 1876-78 సంవత్సరముల మహాక్షామమున ఒంగోలులో నున్న క్లౌదొరగారు ఆకలిగొన్నవారికి పాపమును గూర్చి ప్రసంగములు చేయుచు కూర్చుండలేదు. బకింగుహాము కాలువలో కొంతభాగము త్రవ్వించుటకు గుత్త పుచ్చుకొని వారికి పని చూపి కూలి యిప్పించెను. అన్నము కొరకు మతమున చేరిరను మాట రాకుండ, క్షామకాలమున బాప్తిస్మము లిచ్చుటను నిలిపివేసెను. 1878 జూలై 3వ తేదీన ఒక్క దినమున 2,222 మందికి బాప్తిస్మము జరిగినదని అందరును చెప్పుకొందురు. దానికి ముందు జరిగిన ఆ నిలుపుదలయే మాకు గొప్పదిగ తోచును. ఎదుటివాని ఆపద మన బోధకు అదను కారాదని ఆయన గ్రహించెను.

ఇక మా ఇంటి సంగతి. ఆ తుపానులో మాకును మా పొరుగున నున్న ఒడియా కుటుంబమునకును నడుమగల గోడ కూలినది. ఆ గోడ క్రింది మూరెడు నేల విషయమై రెండు కుటుంబములకును తొమ్మిదేండ్లుగ మాటలు లేవు. "మన భాష కాదు గనుకనే మన మాట వినరు" అని మేమనుకొంటిమి. వారును అట్లే అనుకొనియుందురు. తుపాను మరునాడు విద్యుత్తు లేనందున వారి మోటారు నీరు తోడలేదు. మా పెరటిలో చేదబావి యున్నది. పొరుగాయన బొక్కెన పట్టుకొని కూలిన ఇటుకల ఆవల నిలిచియుండెను. దాటి రాలేదు. మేమును పిలువలేదు. మా గృహిణి మాత్రము తలుపులోనుండియే "ఆసంతు, ఆసంతు" అని ఒడియాలో పిలిచి, చేంతాడు తెచ్చి ఆయన చేతికిచ్చినది. తరువాత దీపములు వెలుగువరకు ఆ రెండు ఇండ్లకును ఒకటే బావి. వారి ముసలితల్లి మా యింట కూర్చుండి కూరగాయలు తరిగెడిది. మా ఆవిడకు ఆమె 'మావుసి' అయినది.

అపొస్తలుడైన పౌలు ఎఫెసీయులకు వ్రాసిన పత్రికలో యూదులకును అన్యజనులకును నడుమనున్న మధ్యగోడను క్రీస్తు పడగొట్టెనని వ్రాసినాడు. ఇంతకంటె స్పష్టమైన పాఠము కావలెనా? మేము ఉప్పొంగి, గోడ మరల కట్టనక్కరలేదని అంటిమి. అయితే పశువులు జొరబడి రెండు పెరళ్ళలోని మొక్కలను మేసిపోయినవి. మావుసియే నవ్వి, గోడ కట్టండి గాని తలుపు పెట్టండి అనినది. మేస్త్రీ వచ్చి, పునాది ఎక్కడ తీయవలెనని అడిగినప్పుడు అసలు పరీక్ష వచ్చినది. పడిపోయిన గోడను చూచి సంతోషించుట సులభము. మూరెడు నేల విడుచుట సులభము కాదు. మేము విడిచితిమి. పొరుగాయన కృతజ్ఞత చెప్పునని ఎదురుచూచితిమి. ఆయన ఏమియు చెప్పలేదు. అది తన నేలయే అని ఆయన నమ్మకము. నేటికిని ఆ గోడ చూచినప్పుడు మా మనస్సున ముల్లు గ్రుచ్చినట్లుండును. ఉన్నను, ఆ తలుపు గడియ ఏ వైపునను పడలేదు. మా మనుమలు ఆ తలుపున పోయివచ్చుచు రెండు భాషలును ఒకే గ్రుక్కలో మాటాడుచున్నారు.

ఇన్ని సంగతులు చెప్పి మేము తేల్చినది ఒక్కటే. నిత్యజీవితము నిశ్చయముగా బోధించును. అయితే తీసికొన్న పాఠము నిజమైనదో కాదో గుర్తించుటకు ఒక పరీక్ష కావలెను. గుమాస్తాలము గనుక మా పరీక్ష లెక్కవంటిది. మనము నేర్చితిమనుకొన్న పాఠమువలన మన చేతినుండి ఏమైన ఖర్చైనదా? మన గర్వము గాని, మన నేల గాని, పదిమంది యెదుట మన పేరు గాని కొంత తరిగినదా? తరిగినచో ఆ పాఠము మనది. ఖర్చంతయు పొరుగువాని పద్దున పడి, మన పద్దున పుణ్యము మాత్రమే జమ యగుచున్నచో ఆ లెక్కలో ఎక్కడనో తప్పు గలదు. సాయంకాలము దీపము పెట్టకముందే దానిని వెదకుట మంచిది. మేము మూడు మాసములు ఆలస్యము చేసితిమి. ఆ ఆలస్యములో ఒక ముసలమ్మ ఒక నిర్దోషిని అనుమానించుచు కన్ను మూసినది.

పరభాషల నడుమ బ్రదుకు మన కుటుంబములకు ఈ విచారము మరింత అవసరమని మా మనవి. అల్పసంఖ్యాకులమైన మనకు ఇతరుల తప్పులు త్వరగ కనబడును. మన బాధలు పెద్దవిగ తోచును. అందు కొంత నిజమును ఉండవచ్చును. అయినను పండుగనాడు పిల్లలను కూర్చుండబెట్టి నీతి చెప్పునప్పుడు, ముందుగ మన సొరుగులను మనము తెరచి చూచుకొందము. పిల్లవాడు లేచి అమాయకముగ ప్రశ్న వేసినప్పుడు నవ్వి కూర్చుండబెట్టకుందము. ఆ ప్రశ్న ఎవరికొరకు వచ్చినదో ఎవరికి తెలియును?

ఆ కోడలు ఇప్పుడు ఎక్కడ నున్నదో మేమెరుగము. ఆ వీధిలో పాత ఇండ్లు పోయి కొత్తవి లేచినవి. విస్తరాకులు కుట్టు స్త్రీలను ఎక్కడ చూచినను మా అడుగు ఒక క్షణము ఆగును. "మాది నూరే" అను ఆ మాట చెవిలో వినబడును. ఆదివారపు బడిలో మేము చెప్పిన పాఠములన్నిటికంటె ఆ రెండు మాటలు గొప్పవి. వానిని ఈ సంచిక మూలమున మా తోడి తెలుగు కుటుంబములకు అప్పగించి, సెలవు తీసికొనుచున్నాము.